కొనేవాడు లేని ప్లాస్టిక్ అంతా పొయ్యిలోకే

ఎడిటర్ గారికి నమస్కారం.

నాది హన్మకొండ నుంచి పరకాల పోయే రోడ్డు పక్కన పాత సామాన్ల దుకాణం. ఇనుము, అట్టలు, సీసాలు, ప్లాస్టిక్ కొంటాను. ట్రాలీ ఆటోల మీద ఊళ్లు తిరిగే పిల్లలు తెచ్చిన సరుకును తూకం వేసుకుని, రకాల వారీగా ఏరించి, మూటలు కట్టి హైదరాబాద్ పంపిస్తాను. ప్లాస్టిక్ కాల్చొద్దని పేపర్లలో అడపాదడపా వస్తూనే ఉంటుంది. డాక్టర్లు రాస్తారు, సైన్సు సార్లు రాస్తారు, బాగానే రాస్తారు. కాకపోతే జనం ఏ ప్లాస్టిక్ కాలుస్తున్నారు, ఎందుకు కాలుస్తున్నారు అన్న సంగతి రోజూ అందులో చేతులు పెట్టేవాడికి ఇంకాస్త దగ్గరగా తెలుస్తుంది. అందుకే ఈ ఉత్తరం.

"దుకాణానికి సరుకు రావాలని రాస్తున్నాడు" అని ఎవరికైనా అనిపించవచ్చు. నేను రాసేది నేను కొనని ప్లాస్టిక్ గురించి. నేనే కాదు, వరంగల్‌లో నాకు తెలిసిన పాత సామాన్లవాళ్లు ఎవరూ దాన్ని కొనరు. ఊరకే తెచ్చి దుకాణం ముందు పోసినా మాకు తలనొప్పే.

మా దగ్గర సరుకు ఏరే ఆడవాళ్లు ఏది ఏ రకమో చేతితో పట్టుకుని చెప్పేస్తారు. నీళ్ల సీసా ఒక రకం, దాని మూత ఇంకో రకం. నీళ్ల తొట్టిలో వేస్తే సీసా ముక్క మునుగుతుంది, మూత తేలుతుంది. బకెట్లు, డ్రమ్ములు, షాంపూ డబ్బాలు ఒక కుప్ప. విరిగిన కుర్చీలు ఒక కుప్ప. పాల కవర్లు కడిగి ఆరబెట్టినవైతే మంచి ధరే పలుకుతాయి, పులిసిన వాసన కొట్టేవైతే బేరం ఆడాల్సి వస్తుంది. ఇవన్నీ కరిగి మళ్లీ ఏదో ఒక వస్తువు అవుతాయి కాబట్టి వీటిని సాధారణంగా ఎవరూ కాల్చరు. నీళ్ల సీసా రోడ్డు మీద పడితే పొద్దుగూకేలోపు ఎవరో ఒకరు ఏరుకుపోతారు.

ఇక కొననివి. చిప్స్ ప్యాకెట్ లోపల వెండిలా మెరిసేది అల్యూమినియం పూత. దాని మీద ఒక ప్లాస్టిక్ పొర, రంగు, మళ్లీ ఇంకో పొర. అన్నీ అతుక్కుపోయి ఉంటాయి, వాటిని విడదీయడం మా వల్ల కాదు. షాంపూ, గుట్కా, మసాలా ప్యాకెట్లదీ అదే కథ. నూనె ప్యాకెట్లు జిడ్డుతో వస్తాయి. కూరగాయల బండి దగ్గర ఇచ్చే పలచటి కవర్లు బురదతో, కుళ్లిన టమాటాతో వస్తాయి. 120 మైక్రాన్ల కంటే పలచటి క్యారీ బ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా బంద్ అని రూలు. మా అంగట్లో ఆ రూలు ఎవరికీ వినపడినట్టు లేదు. థర్మకోల్ అయితే ఆటో నిండా వేసినా తూకం రాదు, కిరాయి మీద పడుతుంది. పిల్లల డైపర్లు, తెగిన చెప్పులు, చినిగిన రెగ్జిన్ సీట్లు, పాత పరుపుల స్పాంజి, చివరికి ఫ్లెక్సీలు... వీటిలో ఒక్కదానికీ మా త్రాసు మీద చోటు లేదు.

అలాంటప్పుడు ఇవన్నీ ఎక్కడికి పోతాయి? ఊళ్లలో ఎక్కువ భాగం పోయేది నీళ్ల పొయ్యిలోకి. గ్యాసు వచ్చి వంట లోపలికి పోయినా, పెరట్లో మూడు రాళ్ల మీద నీళ్లు కాచుకోవడం మా వైపు ఇంకా పోలేదు. గ్యాసు స్నానాలకు తగలేయలేరు కదా. వానాకాలంలో, చలికాలం పొద్దున మంచుకు తడిసిన పత్తి కట్టె తొందరగా అంటుకోదు, కిరసనాయిలు దొరకదు. ఒక కవరు అంటించి కింద పెడితే చుక్కలు చుక్కలుగా కారుతూ అదే రాజుకుంటుంది. ఆ సుళువు చూశాక రోజూ అదే అలవాటు. కవరుతో మొదలై ప్యాకెట్లు, ఆ తర్వాత తెగిన చెప్పులు, విరిగిన బొమ్మలు కూడా అందులోకే.

మొన్న చలికాలం పక్క ఊళ్లో సరుకు చూడ్డానికి పోయినప్పుడు ఒకావిడ ప్లాస్టిక్ చెప్పును పొయ్యిలోకి ఎగదోస్తోంది. నల్లటి పొగ ఆమె ముఖం చుట్టే తిరుగుతోంది. పక్కనే మనవడు స్నానానికి బట్టలిప్పి చలికి పొయ్యిని ఆనుకుని నిలబడ్డాడు. "పెద్దమ్మా, చెప్పులు పొయ్యిల పెడుతున్నవేంది? పిల్లగాడు ఆ పొగంత మింగుతుండు" అన్నాను. ఆమె తల కూడా ఎత్తలేదు. "నువ్వు కొనవైతివి. ట్రాక్టరోడు ఎప్పుడొస్తడో తెల్వది, వస్తే ఇది తడిదా పొడిదా అని కొర్రీలు పెడ్తడు. ఇంట్ల పెట్టుకోని పూజ చేసుకోవాల్నా బిడ్డా?" అంది. నా దగ్గర సమాధానం లేదు. ప్లాస్టిక్ మీద నేను చదివిన ఏ వ్యాసంలోనూ ఆ ప్రశ్నకు సమాధానం కనపడలేదు.

పొగ సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే "కవరు కాలితే ఏమైతది, కట్టె పొగ పీల్చట్లేదా" అనేవాళ్లు చాలామంది. ప్లాస్టిక్ అంతా ఒకటి కాదు. పలచటి కవర్లలో ఉండేది కార్బన్, హైడ్రోజన్. బాగా గాలి తగిలి గట్టి మంట మీద పూర్తిగా కాలితే పెద్దగా విషం రాదనే మాట పుస్తకాల వరకు నిజమే. పెరటి పొయ్యిలో, పెంటకుప్ప మీద అలా కాలదు. కుములుతుంది. కుమిలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, మసి వస్తుంది, ఆ మసికి అంటుకుని బెంజోపైరీన్ లాంటివి వస్తాయి. అది క్యాన్సర్ కలిగించే పదార్థమని తేలిపోయింది. ఆ మసి రేణువులు వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండవు. ముక్కులో ఆగవు, ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి, అక్కడి నుంచి రక్తంలోకి. థర్మకోల్ కాలిస్తే స్టైరీన్ అనే చెడు ఆవిరి వస్తుంది. పరుపుల స్పాంజి కాలిస్తే హైడ్రోజన్ సయనైడ్ కూడా వస్తుంది. ఇళ్లు తగలబడ్డప్పుడు మనుషులు మంటకంటే ముందు పొగకే పడిపోవడానికి ఇదీ ఒక కారణం.

అన్నిటికంటే చెడ్డది పీవీసీ. బోరు పైపులు, కరెంటు వైర్ల మీది తొడుగు, రెగ్జిన్, చాలా రకాల చౌక చెప్పులు ఇదే. దాని బరువులో సగం కంటే ఎక్కువ, దాదాపు 57 శాతం, క్లోరిన్. కాలిస్తే ఆ క్లోరిన్ హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుగా బయటికి వస్తుంది, తడి తగిలితే యాసిడ్ అవుతుంది. కంట్లో, గొంతులో ఉండే తడి దానికి చాలు. చెప్పు కాలినప్పుడు కళ్లు భగ్గుమనడం, గొంతు గీరుకుపోవడం అందుకే. మా వ్యాపారంలో ఒక ముక్క పీవీసీనా కాదా అని అనుమానం వస్తే పాతకాలం పరీక్ష ఒకటి ఉంది. రాగి తీగను ఎర్రగా కాల్చి, ఆ ముక్కకు ఆనించి, మళ్లీ మంటలో పెడితే మంట ఆకుపచ్చగా మారుతుంది. అంటే అందులో క్లోరిన్ ఉన్నట్టు. ఎవరూ ఇంట్లో చేసి చూడొద్దు, మేమూ ఇప్పుడు చెయ్యం, నీళ్లలో మునగడాన్ని బట్టి, వంచితే తెల్లబారడాన్ని బట్టి చెప్పేస్తాం.

ఆ క్లోరిన్ వల్లనే డయాక్సిన్లు అనే విషపదార్థాలు పుడతాయి. డయాక్సిన్లు ఎక్కువగా తయారయ్యేది 200 నుంచి 400 డిగ్రీల వేడి దగ్గర. అవి పూర్తిగా నాశనం కావాలంటే 850 డిగ్రీలు దాటాలి, ఆ వేడిలో వాయువు కనీసం రెండు సెకన్లు ఉండాలి. చెత్త కాల్చే పెద్ద ఫ్యాక్టరీలకు పెట్టే షరతు అదే. మన పెంటకుప్ప మీది మంట, రోడ్డు పక్క కుమిలే కుప్ప అచ్చంగా డయాక్సిన్ తయారయ్యే వేడిలోనే గంటల తరబడి ఉంటాయి. ఈ జాతిలో అన్నిటికంటే విషమైన దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1997లోనే మనుషులకు క్యాన్సర్ తెచ్చేదిగా ప్రకటించింది. ఒంట్లోకి చేరితే కొవ్వులో కూర్చుంటుంది. చేరినదాంట్లో సగం పోవడానికే 7 నుంచి 11 ఏళ్లు పడుతుంది. హార్మోన్లను, రోగ నిరోధక శక్తిని, కడుపులో ఉన్న బిడ్డ ఎదుగుదలను దెబ్బతీస్తుంది. దీన్ని ప్రపంచంలోనే లేకుండా చేయాలని 2001లో స్టాక్‌హోమ్‌లో ఒప్పందం కుదిరింది, మన దేశం 2006లో దాన్ని ఆమోదించింది. పెరట్లో చెత్త కాల్చడం చిన్న విషయం అనుకునేవాళ్లకు ఇంకో మాట. అమెరికా పర్యావరణ సంస్థ డయాక్సిన్ ఎక్కడి నుంచి వస్తోందని లెక్కలు తీస్తే, ఫ్యాక్టరీలను కట్టడి చేశాక మిగిలినవాటిలో పెద్ద వాటా ఇళ్ల వెనుక డ్రమ్ముల్లో చెత్త కాల్చేవాళ్లదే అని తేలింది.

మా వ్యాపారంలో జరిగే పాపం కూడా చెప్పాలి. వైర్లలోంచి రాగి తీయడానికి కొందరు చెరువు గట్టు మీదనో బీడులోనో కాలుస్తారు. రాగి, క్లోరిన్ కలిసి కాలడం డయాక్సిన్‌కు అన్నిటికంటే అనుకూలం, రాగే దాన్ని తొందరగా పుట్టిస్తుంది. కాల్చిన రాగి నల్లబడి ఉంటుంది కాబట్టి చూడగానే తెలుస్తుంది. నేను తీసుకోను. బ్లేడుతో తొడుగు చీల్చి తెచ్చిన రాగికి ధర ఎక్కువ ఇస్తాను. పాత సామాన్లవాళ్లందరూ ఇదే పద్ధతి పెట్టుకుంటే రాగి కోసం వైర్లు కాల్చేవాడు ఒక్కడూ ఉండడు. పోలీసులు, కేసులు ఏవీ అక్కర్లేదు.

ఇప్పుడు పొగ పోయిందనుకుందాం. బూడిద మిగులుతుంది. మన ఇళ్లలో బూడిదను పారేయం. గిన్నెలు తోముతాం. చిక్కుడు తీగకు పేను పడితే బూడిద చల్లుతాం. మిగిలింది పెంటలో కలుపుతాం. కట్టె బూడిదకు ఏర్పడిన అలవాట్లు ఇవి, మంచివే. ఇప్పుడు ఆ బూడిదలో పీవీసీ వేడికి పాడవకుండా కలిపిన సీసం, రంగుల్లోని కాడ్మియం ఉంటాయి, అవి కాలి మాయమయ్యేవి కావు. డయాక్సిన్ కూడా బూడిదలో ఉంటుంది. పెరట్లో కోళ్లు ఆ కుప్పనే గీరుతాయి. నాటుకోడి గుడ్డు బలమని బాలింతకు పెడతాం, ఆ గుడ్డు పచ్చసొనలోని కొవ్వులో ఇది చేరుతుంది. పొగ వాలిన గడ్డి బర్రె మేస్తే పాల వెన్నలోకి వస్తుంది. డయాక్సిన్ మనిషిలోకి చేరేది 90 శాతానికి పైగా తిండి ద్వారానే, అందులోనూ పాలు, మాంసం, చేపల ద్వారా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. కాబట్టి "మా పెరట్లో మేం కాల్చుకుంటే మీకేంది" అనే మాట చెల్లదు. వాళ్ల బర్రె పాలు మా ఇంటికే వస్తాయి.

పెద్దవాళ్లు కొందరు "మా చిన్నప్పటి నుంచి పెంట కాలుస్తూనే ఉన్నం" అంటారు. నిజమే. అప్పుడు పెంటకుప్పలో ఉన్నదేంటి? ఆకు, ఊక, పేడ, పొయ్యి బూడిద. నిజానికి దాన్ని కాల్చడం కూడా తక్కువ, ఎండాకాలం బండి కట్టి పొలాలకు తోలేవాళ్లు. ఇప్పుడు ట్రాక్టరుతో పెంట తోలితే చెలకలో దుక్కి దున్నినప్పుడు నాగలి కర్రుకు కవర్లు చుట్టుకుంటున్నాయి. ఆ కవర్ల బాధ పడలేక రైతులు తోలేముందు కుప్పకు ఒకసారి అగ్గి పెడుతున్నారు. ఎరువు బలమూ పోతోంది, విషమూ పొలానికి పోతోంది. పత్తి, మిర్చి మీద మందులు కొట్టిన డబ్బాలను గట్టు మీద కాల్చడం ఇంకో ముచ్చట. దాని గురించి వ్యవసాయ శాఖవాళ్లు రాస్తే బాగుంటుంది.

"కాల్చకపోతే ఆవులు తింటాయి, మోరీలు నిండుతాయి" అనేది ఇంకో వాదన. దీన్ని కొట్టిపారేయలేం. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో వరంగల్ మునిగినప్పుడు నాలాలు ఎలా పొంగాయో అందరం చూశాం. ఆక్రమణలు, పడ్డ వాన పెద్ద కారణాలే, కానీ నీళ్లు దిగాక కల్వర్టుల జాలీలకు చుట్టుకుని మిగిలింది కవర్లే. పశువుల డాక్టర్లు ఆవు కడుపు కోసి కిలోల కొద్దీ కవర్లు తీస్తున్నారన్నదీ నిజం. కాల్చేవాడు ఒక్కోసారి ఆవు మీద జాలితోనే కాలుస్తాడు. అలాంటివాణ్ని నేను మూర్ఖుడనను. కాల్చడం, మోరీలో వేయడం, ఆవుకు పెట్టడం, ఈ మూడు దార్లే వాడి ముందు ఉంచిన వ్యవస్థ గురించి మాట్లాడుకోవాలి.

అసలు దారులు లేవా అంటే కాగితం మీద ఉన్నాయి. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లోనే చెత్తను వీధుల్లో, బహిరంగ స్థలాల్లో పారేయకూడదు, కాల్చకూడదు, పాతిపెట్టకూడదు అని రాశారు. అదే ఏడాది డిసెంబరు 22న జాతీయ హరిత ట్రిబ్యునల్, ఆరుబయట చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో కాలిస్తే 25,000 రూపాయలు కట్టించాలని తీర్పు ఇచ్చింది. మా చుట్టుపక్కల ఎవరికైనా ఈ జరిమానా పడిందని నేను ఇంతవరకు వినలేదు. పడాలని కూడా గట్టిగా అనలేను. పొద్దున్నే వీధి ఊడ్చి, ఆకులూ కవర్లూ కలిపి కుప్ప చేసి, అక్కడే అగ్గిపుల్ల గీసేది చాలాచోట్ల ఊడ్చే మనిషే. ఆ మనిషికి బండి లేదు, బండి ఉంటే అందులో చోటు లేదు. పొద్దున పూట రోడ్డు శుభ్రంగా కనపడాలని పైనుంచి ఒత్తిడి. ఆ పొగ మొదట పీల్చేది కూడా ఆ మనిషే. 5,000 రూపాయలు ఆమె జీతంలోంచి కోస్తే న్యాయం జరిగినట్టా?

చలికాలం ఈ పొగ ఇంకా మొండిది. నేల చల్లబడి కింద చల్లగాలి, పైన వెచ్చగాలి ఉండటంతో పొగ పైకి లేవదు, పొద్దెక్కేదాకా ఇళ్ల కప్పుల ఎత్తులోనే పరుచుకుని ఉంటుంది. బడి పిల్లలు ఆటోల కోసం నిలబడే సమయం, పెద్దవాళ్లు వాకింగ్‌కు పోయే సమయం అదే. మడికొండ దగ్గరి రాంపూర్ డంపింగ్ యార్డులో మంటలు లేస్తే పేపర్లో ఫొటోతో సహా వస్తుంది, రావాల్సిందే, ఆ చుట్టుపక్కలవాళ్లు పడిన నరకం చిన్నది కాదు. గల్లీకొకటిగా లేచే ఈ చిన్న పొగలన్నీ కలిస్తే ఎంత అవుతుందో ఎవరూ ఫొటో తీయలేరు. 2019లో మన దేశంలో గాలి కాలుష్యం వల్ల 16.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన లెక్క. అందులో ప్లాస్టిక్ పొగ వాటా విడిగా తీసింది కాదు కానీ, చేత్తో ఆపగలిగిన పొగ ఏదైనా ఉంటే ఇదే.

వరంగల్‌కు ఇది చేతకాని పని అని ఎవరైనా అంటే ఒప్పుకోను. 2012 అక్టోబరులో ఇక్కడే క్లీన్ సిటీ ఛాంపియన్‌షిప్ జరిగింది. ఇంటింటికీ తిరిగి తడి, పొడి చెత్త వేర్వేరుగా తీసుకోవడం ఎలాగో నేర్చుకోవడానికి వేరే పట్టణాల మున్సిపల్ సిబ్బంది మన ఊరికి వచ్చారు. ఆ రోజుల్లో మా దుకాణానికి వచ్చే సరుకు ఎంత శుభ్రంగా వచ్చేదో నాకు గుర్తుంది. గ్రామాల్లో 2019లో పల్లె ప్రగతి మొదలయ్యాక పంచాయతీకో ట్రాక్టరు, ట్రాలీ, డంపింగ్ యార్డు, అందులో రకరకాల చెత్త వేరుగా వేసే అరలతో షెడ్డు కూడా వచ్చాయి. షెడ్లు ఇప్పటికీ ఉన్నాయి. కొన్నింటి అరల్లో మేకలు పడుకుంటున్నాయి.

నేను అడిగేది పెద్దదేం కాదు. నెలకు రెండు రోజులు, ఫలానా తారీఖు అని ముందే చెప్పి, ప్రతి డివిజన్‌లో, ప్రతి పంచాయతీలో కేవలం ఈ కొననిదాన్ని తీసుకోవాలి. చిప్స్ ప్యాకెట్లు, కవర్లు, థర్మకోల్, చెప్పులు, స్పాంజి. మురికి దులిపి ఆరబెడితే ఇవి కుళ్లవు, వాసన కొట్టవు, ఒక యూరియా సంచిలో కుక్కి మూల పెడితే పదిహేను రోజులు ఉంటాయి. ఫలానా రోజు బండి వస్తుందని నమ్మకం ఉంటే ఆ పెద్దమ్మ కూడా చెప్పును సంచిలోనే వేస్తుంది. నమ్మకం కుదరాలంటే మొదటి ఆరు నెలలు ఒక్క తేదీ కూడా తప్పకూడదు. రోజూ వచ్చే తడి, పొడి బండి సంగతి వేరు, దాన్ని దీనితో ముడిపెట్టొద్దు. డైపర్లను మాత్రం ఈ సంచిలో కలపకూడదు, విడిగా కాగితంలో చుట్టి రోజూ వచ్చే బండికే ఇవ్వాలి, లేకపోతే సరుకు ఏరే ఆడవాళ్ల చేతులకు జబ్బులు.

తీసుకుని ఏం చేయాలంటారా? సిమెంటు బట్టీల్లో సున్నపురాయి కాలేది 1,450 డిగ్రీల దగ్గర, మంట వేడి ఇంకా ఎక్కువ. రీసైకిల్ కాని ప్లాస్టిక్‌ను బొగ్గుతో పాటు అందులో వాడొచ్చని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నిబంధనలే ఉన్నాయి. బట్టీ కోసం గుజరాత్ పోనక్కర్లేదు, పెద్దపల్లి జిల్లా బసంత్‌నగర్‌లో, మంచిర్యాల జిల్లా దేవాపూర్‌లో సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. పలచటి కవర్లను ముక్కలు చేసి వేడి కంకర మీద కరిగించి తారు రోడ్డు వేసే పద్ధతి మదురైలో ఆచార్య వాసుదేవన్ కనిపెట్టారు, 2018లో ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది. ఆ కంకర వేడి 170 డిగ్రీలు దాటదు కాబట్టి కవరు కరుగుతుందే తప్ప కాలదు. ఈ రెండు పనుల్లోనూ పీవీసీ కలవకూడదు. అక్కడే మాలాంటివాళ్లు పనికొస్తారు, ముక్క చూసి చెప్పగలం కాబట్టి. ఖర్చు ఎవరిది అనే ప్రశ్నకూ జవాబుంది. 2022 ఫిబ్రవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ప్యాకెట్లు మార్కెట్లోకి వదిలిన కంపెనీలే వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత మోయాలి. ఆ కంపెనీల డబ్బు మన జిల్లాకు రావాలంటే మన దగ్గర మూటలు కట్టి, తూకం రాసి సిద్ధంగా ఉండాలి కదా.

ఫ్లెక్సీల గురించి వేరుగా రాస్తున్నాను, ఎందుకంటే వీటికి యజమాని పేరు, ఫొటో రెండూ వాటి మీదే ఉంటాయి. ఫ్లెక్సీ అంటే పాలిస్టర్ బట్ట మీద పీవీసీ పూత. పుట్టినరోజుకు, పార్టీ మీటింగుకు, గణేశ్ మండపానికి కట్టి వదిలేస్తారు. తర్వాత అది బర్రెల కొట్టం మీద కప్పు అవుతుంది, కట్టెల మోపు మీద ముసుగు అవుతుంది, ఎండకు పెళుసుబారాక ముక్కలై పొయ్యిలోకి పోతుంది. కట్టినవాళ్లే వారంలో విప్పి ప్రింటు వేసిన షాపుకు అప్పగించాలని, ఆ షాపే కార్పొరేషన్‌కు లెక్క చూపించాలని రూలు పెడితే తప్పించుకోవడానికి చోటే ఉండదు. ఎవరికైనా మొదట జరిమానా వేయాలంటే నేను ఫ్లెక్సీలు కట్టి వదిలేసేవాళ్ల నుంచే మొదలుపెట్టమంటాను.

పైన చెప్పిన రోజులు ఎవరైనా నిర్ణయిస్తే మా వైపు సేకరణకు నా దుకాణం షెడ్డు, త్రాసు వాడుకోవచ్చు. కిరాయి అడగను. ఈ రోడ్డు మీది మరో ఇద్దరు వ్యాపారులతో మాట్లాడాను, వాళ్లూ సరేనన్నారు. మా ఏరేవాళ్లకు ఆ రెండు రోజుల కూలి, చేతులకు గ్లౌజులు మాత్రం పంచాయతీ ఇవ్వాలి.

మీ నుంచి కోరేది ఒక్కటే. ఏ డివిజన్‌కు, ఏ ఊరికి ఏ తారీఖున బండి వస్తుందో అధికారులు పట్టిక ఇస్తే దాన్ని జిల్లా పేజీలో వేయండి. పెద్ద హెడ్డింగు అక్కర్లేదు, మార్కెట్ ధరల పక్కన వేసినా చాలు. మిర్చి రేటు కోసం మా వైపు అందరూ ఆ మూల ఎలాగూ చూస్తారు.

ఇట్లు,
ఒక పాత సామాన్ల వ్యాపారి,
పరకాల రోడ్డు, హన్మకొండ జిల్లా